కర్పూరం ఆరలేదు

పెళ్ళయ్యాక అత్తవారింట్లో అది నా తొలి ఎండాకాలం. అప్పటికి నాకు భయాలు తక్కువేమీ కావు. సంగటి గడ్డలు కడుతుందేమోనని భయం. మామ లేచేసరికి నేనింకా పడుకునే ఉంటానేమోనని భయం. అత్త వంటింట్లోకి వస్తే చేతిలో గిన్నె జారుతుందేమోనని భయం. అవన్నీ ఎంత పసి భయాలో నడివేసవి కత్తిరి ఎండల్లో ఒక పట్టపగలు తెలిసొచ్చింది. ఇప్పటికీ ఎవరైనా బావి గట్టు మీద నిలబడి నడుముకు తాడు చుట్టుకుంటే, దగ్గరికెళ్ళి లోపల ఏం పెట్టారని అడక్కుండా ఉండలేను.

మా అత్తవాళ్ళ ఊరు తిరుత్తణికీ తిరువళ్ళూరుకూ నడుమ, రైలుకట్టకు కాస్త లోపలగా ఉంటుంది. మామ వరదయ్యకు మల్లెతోట ఉంది. నా భర్త దినకర్ శ్రీపెరుంబుదూరు వైపు ఒక కంపెనీలో షిఫ్టులు చేస్తూ అక్కడే రూములో ఉండేవాడు. వారానికోసారి వచ్చి, సగం రోజు నిద్రపోయి, మిగతా సగం వాళ్ళమ్మ వంట తిని వెళ్ళిపోయేవాడు. ఇంట్లో మామ, అత్త గోవిందమ్మ, నేను.

నా పేరు యువరాణి. ఈ పేరు పెట్టినందుకు మా నాయన్ను నేను క్షమించాను గాని, అత్త క్షమించలేదు. "యువరాణిగారు లేచినారా? పేడ నీళ్ళు చల్లమని ఎవురికన్నా ఆజ్ఞాపించినారా?" అని రోజూ వాకిట్లో మొదలుపెట్టేది. నవ్వుతూనే అనేది. నవ్వినా గుచ్చుకునేది.

తిరుత్తణిలో ఫిజిక్సు ఎం.ఎస్సీ. ముగించి వచ్చిన దాన్ని. పని అయిపోయాక ఫోనులో ఒక సైటు చూసేదాన్ని. సైన్సులో, లెక్కల్లో సందేహాలు వచ్చినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో అక్కడ అడుగుతారు. తెలిసినవాళ్ళు జవాబు రాస్తారు. జవాబు బాగుంటే చదివినవాళ్ళు పాయింట్లు వేస్తారు. ప్రశ్న పద్ధతిగా లేకపోతే పాత సభ్యులు ఓట్లు వేసి దాన్ని మూసేస్తారు. మూసిన ప్రశ్నకు ఇక ఎవరూ జవాబు రాయడానికి వీలుండదు. అక్కడ నాకు చాలా పాయింట్లు ఉండేవి. చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ ఎక్కడో మంచు దేశంలో ఉన్న పిల్లవాడికి కాంతి ఎందుకు వంగుతుందో చెప్పడంలో ఒక సుఖం ఉంది. అది అనుభవించిన వాళ్ళకే తెలుస్తుంది.

అత్తకు అది అనుమానంగా ఉండేది. "ఎవురే వాళ్ళు, నీకు మార్కులేసేది?"

"తెలీదత్తా. ఎవురెవురో."

"పేరు తెలీనోళ్ళు మార్కులేస్తే నువ్వింత మురిసిపోతా ఉండావే. ఇన్నేండ్లుగా నా పులుసు తింటా ఉండాడు మీ మామ, ఒక మార్కన్నా ఏసినాడా?"

మామ తలెత్తకుండా ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. మల్లెకు ఎండాకాలమే అదను. మొగ్గ విరగబడి వచ్చేది అప్పుడే, నీళ్ళు లేకపోతే మాడిపోయేదీ అప్పుడే. బావిలో నీళ్ళు రోజురోజుకూ కిందికి పోయాయి. కరెంటు కనెక్షన్‌కు పెట్టిన అర్జీ ఇంకా వరసలోనే ఉంది. మాకున్నది గట్టు మీద పెట్టిన చిన్న పెట్రోలు ఇంజను. అది ఒకరోజు ఉత్తగా గొంతు చించుకోవడం మొదలుపెట్టింది గాని చుక్క నీరు తేలేదు. మామ గొట్టం మార్చాడు, వాషర్లు మార్చాడు, మెకానిక్కును పిలిపించి తిట్టాడు. అయినా రాలేదు.

నాకు కారణం తెలుసు. కానీ కొత్త కోడలు మామకు ఇంజను పాఠం చెప్పడమెలా? ముందు సైటులో పెట్టాను. బావి లోతు, గొట్టం కొలత, నా లెక్క అన్నీ రాసి, లెక్క ప్రకారం రావలసిన లోతు కంటే ముందే నీళ్ళు ఎందుకు ఆగిపోతున్నాయని అడిగాను. మంచి ప్రశ్న అని జనం మెచ్చుకున్నారు. జవాబులు చక్కగా వచ్చాయి. ఆ ధైర్యంతో సాయంత్రం మజ్జిగ ఇస్తూ చెప్పాను.

"మామా, ఇంజను నీళ్ళను లాగదు. గొట్టంలో ఉండే గాలిని తీసేస్తుంది, అంతే. బయటి గాలి నీళ్ళ మీద బరువేసి పైకి తోస్తుంది. దానికి ఇంత ఎత్తుకు తోసే బలమే ఉండాది. నీళ్ళు అంతకంటే కిందికి పోతే ఏ ఇంజను పెట్టినా రావు."

మామ మజ్జిగ సగంలో ఆపాడు. "అంటే ఇంజనుది తప్పు కాదా?"

"కాదు మామా."

"అయితే ఆ మెకానిక్కును ఊరికే తిట్టినాను." ఆయన నిజంగానే బాధపడ్డాడు.

అప్పుడు అక్కడే కూర్చుని ఉన్నాడు ఏళుమలై. మా చుట్టుపక్కల బావుల్లో పూడిక తీయడం, రాయి కట్టడం అన్నీ ఆయనే చేసేవాడు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు, బావిలోకి మెట్లు లేకుండానే దిగుతాడు. "అన్నా, నీళ్ళు ఇంజను కాడికి రాకపోతే ఇంజన్నే నీళ్ళ కాడికి పంపిద్దాం. లోపల రాతి అంచు ఉండాది గదా, దాని మీద పెడదాం," అన్నాడు.

మా బావిలో బాగా కిందికి, ఇద్దరు నిలబడేంత వెడల్పున చుట్టూ రాతి అంచు ఉంది. మాట బాగుందని అందరం అన్నాం. నేనూ అన్నాను.

మా వైపు బావిలోకి మనిషి దిగేముందు కర్పూరం దించుతారు. ఇత్తడి పళ్ళెంలో కర్పూరం వెలిగించి, గంగమ్మను తలుచుకుని తాడుతో కిందికి వదులుతారు. లోపల అది ఆరిపోతే గంగమ్మ వద్దంటోందని లెక్క. వెలుగుతూ ఉంటే దిగొచ్చు. మర్నాడు పొద్దున కూడా అలాగే చేశారు. "ఇందులో శాస్త్రం ఉండాదత్తా. ఊపిరాడని చోట మంట నిలవదు," అని నేను గొప్పగా చెప్పాను. అత్త నన్ను మెచ్చుకోలుగా చూడటం అదే మొదటిసారి.

ఏళుమలై దిగి ఇంజనును అంచు మీద చెక్కలకు బిగించాడు. స్టార్టు చేసి చకచకా పైకొచ్చాడు. కాసేపటికి గొట్టం వణికి, బురద కక్కి, తర్వాత తెల్లటి నీళ్ళు తోటలోకి దూకాయి. అత్త కాలువలో నిలబడి చిన్నపిల్లలా కాళ్ళతో నీళ్ళు చిమ్మింది. నేను గట్టు మీద వంగి బావిలోని ఇంజనుకు ఫోటో తీసి, 'మీ సలహాతో మా తోట తడిసింది' అని సైటులో పెట్టి, వంట చేయడానికి ఇంటికొచ్చాను.

పులుసు పొయ్యి మీద ఉండగా ఫోను చూశాను. ఫోటో కింద జగన్నాథన్ అనే సభ్యుడి వ్యాఖ్య ఉంది. గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి, ఎవరినీ ఒక పట్టాన మెచ్చడు. ఆయన పేరు కనిపిస్తే కొత్తవాళ్ళు జడుసుకునేవాళ్ళు. 'ఇంజనుకు పొగగొట్టం కనిపిస్తోంది. ఇది కరెంటు మోటారు కాదు గదా?' అని అడిగాడు.

'కాదు, పెట్రోలు ఇంజను' అని రాశాను.

వెంటనే జవాబొచ్చింది. 'అయితే ఆ బావిలోకి ఎవరినీ దించకండి. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగుండదు, వాసనుండదు. ఇంజను ఆగినా బావిలోనే నిలిచి ఉంటుంది. మంట పెట్టి చూసి నమ్మకండి. మంట వెలుగుతూనే ఉంటుంది, మనిషి పడిపోతాడు.'

నాకు తెలియనిది కాదు. స్కూల్లో చదివాను, కాలేజీలో చదివాను, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. పుస్తకంలో ఉన్నన్నాళ్ళూ దానికీ మా బావికీ సంబంధం ఉంటుందని నా బుర్రకు తట్టలేదు. చేతిలో గరిటె అలాగే ఉంది. అప్పుడు గమనించాను, పొద్దున్నుంచి తోట వైపు నుంచి వస్తున్న ఇంజను చప్పుడు వినిపించడం లేదు.

ఇంజను ఆగింది. అంటే పెట్రోలు అయిపోయింది. అంటే ఎవరో ఒకరు పెట్రోలు పోయడానికి దిగుతారు.

చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి పరుగెత్తాను. ఆ ఎండలో నేల పెనంలా ఉంది. కాళ్ళు కాలుతున్నట్టు తెలుస్తోంది గాని అవి నా కాళ్ళలా లేవు. దినకర్‌కు ఫోను చేస్తూనే ఉన్నాను. కంపెనీలో పనివేళ ఫోన్లు లోపలికి రానివ్వరు. మోగి మోగి ఆగిపోయింది. గట్టు కనిపించేసరికి ఏళుమలై లేడు, మామ పంచె ఎగ్గట్టి నిలబడి ఉన్నాడు. పక్కన పెట్రోలు డబ్బా. అత్త తాడు పట్టుకుని పళ్ళెం బావిలోకి వదులుతోంది.

"మామా, దిగొద్దు!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కొత్త కోడలు మామ ముందు అరవడం ఆ ఇంట్లో అదే మొదలు.

"ఏళుమలై సద్ది తాగేదానికి పోయినాడు. వాడొచ్చే లోపల పోసేసి వస్తా. నీళ్ళు సగం తోటకే పారినాయి," అన్నాడు మామ.

"లోపల విషగాలి ఉండాది మామా. ఇంజను పొగ. దిగితే ప్రాణానికే మోసం."

మామ నామీద కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నా చెయ్యి పట్టుకుని గట్టు దగ్గరికి తీసుకెళ్ళి కిందికి చూపించాడు. లోపల, ఇంజను పక్కనే, ఇత్తడి పళ్ళెంలో కర్పూరం ప్రశాంతంగా వెలుగుతోంది.

"గాలి లేకపోతే మంట నిలవదని నువ్వే గదా చెప్పినావు పొద్దున?"

"ఇది వేరే గాలి మామా. దీనికి మంట ఆరదు."

"మా నాయన కాలం నుంచి చూస్తా ఉండా. ఆరదంటే ఆరదు గదా, ఇంకేం భయం?" నవ్వి, కాళ్ళు కడుక్కోవడానికి కాలువ వైపు నడిచాడు.

సైటులో కొత్త ప్రశ్న పెట్టాను. అందరికీ కనపడాలని వేరే ప్రశ్నగా పెట్టాను. 'బావిలో పెట్రోలు ఇంజను పొద్దున్నుంచి నడిచి ఇప్పుడే ఆగింది. మనిషి దిగాలంటే ఎంతసేపు ఆగాలి? వెంటనే చెప్పండి.' అక్షరాలు తప్పులు పోతున్నాయి. జగన్నాథన్ ఒక్కడి మాట మామకు చాలదు, ఇంకా పెద్దవాళ్ళ మాట కావాలి నాకు. పదిమంది చెప్పారని చూపిస్తే వింటాడేమో.

ప్రశ్న మూసేశారు. 'ఇది వ్యక్తిగత భద్రతకు సంబంధించిన ప్రశ్న, భౌతికశాస్త్రానికి సంబంధించింది కాదు. దయచేసి మీ స్థానిక నిపుణులను సంప్రదించండి' అని దాని కింద నోటీసు వచ్చింది.

మా స్థానిక నిపుణుడు అప్పటికి కాళ్ళు కడుక్కుని వచ్చి నడుముకు తాడు చుట్టుకుంటున్నాడు.

ఆ క్షణంలో నేనేమీ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే అనగలిగేదాన్ని కాదు. ఆ ఇంట్లో నెలసరి రోజుల్లో ఆడవాళ్ళు వసారాలో పడుకోవాలి, పూజ సామాను తాకకూడదు. ఆ పద్ధతి నాకు అరికాలి మంట. దినకర్‌తో దాని మీద ఎన్నిసార్లు పోట్లాడానో.

"అత్తా," అన్నాను. "నేను పొద్దున్నే దూరమైనాను. చెప్పలేదు. ఆ కర్పూరం పళ్ళెం తోమి ఇచ్చింది నేనే."

అత్త చేతిలోంచి తాడు జారబోయి ఆగింది. మామ తల పక్కకు తిప్పుకున్నాడు. ఆ మాట ఆడవాళ్ళు మగవాళ్ళ ముందు పలకరు. ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు. నడుము తాడు విప్పి గట్టు మీద పెట్టాడు.

"గంగమ్మ పళ్ళెం తాకినావా? ఆ చేత్తోనా?" అత్త చేతిలోని తాడును గట్టు రాయికి కట్టేసింది. "అంత సదువు సదివి... ఈ పొద్దు ఎవురూ దిగేది లేదు. రేపు తలకు పోసుకుని, పళ్ళెం కడిగి, మళ్ళా పూజ చేసి దిగాల."

సిగ్గుతో చచ్చిపోయాననుకుంటారేమో, అలాంటిదేమీ లేదు. అంత హాయిగా ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదు. రేపటికి గాలి తేలిపోతుందో లేదో తర్వాత చూసుకోవచ్చు. మల్లెమొక్కల పక్కన కూర్చున్నాను.

అప్పుడు ఏళుమలై వచ్చాడు. మూతి తుడుచుకుంటూ ఆగిన ఇంజనునూ ఎండుతున్న కాలువనూ చూశాడు. "ఏమన్నా, పోయలేదా ఇంకా?"

మామ ఇబ్బందిగా, "ఇంట్లో అంటు వచ్చె. రేపు దిగుదాం," అన్నాడు.

"మీ ఇంటి అంటు మీకు. నాకేంటికి? ఈ ఎండకు సగం తోట రేపటికి కట్టెలవుతుంది. నేను పోసేసి వస్తా, సీక్రం, చిటికెలో." వంగి, మామ విప్పి పెట్టిన తాడునే తీసుకుని తన నడుముకు బిగించాడు. కిందికి చూశాడు. "కర్పూరం కూడా బాగానే వెలగతా ఉండాది."

మామ వద్దనలేదు. అత్త వద్దనలేదు. వాళ్ళ లెక్క ప్రకారం అందులో తప్పు లేదు. మా మామను ఆపిన మాట ఆ మనిషిని ఆపదు. మా ఇంటి మనిషి గట్టు మీద క్షేమంగా ఉన్నాడు, బయటి మనిషి కాలు లోపల పెడుతున్నాడు. ఎలా లేచానో తెలియదు, వెళ్ళి ఆయన నడుము తాడును రెండు చేతులా పట్టుకున్నాను.

"అంటు లేదు," అన్నాను. "నేను దూరం కాలేదు. అబద్ధం చెప్పినాను. మామ దిగకూడదని చెప్పినాను. లోపల నిజంగానే విషగాలి ఉండాది. నువ్వు దిగితే పైకి రావు."

ఎర్రబడిన మామ ముఖం నల్లబడింది. "గంగమ్మ పేరు చెప్పి అబద్ధమా?" అన్నాడు మెల్లగా. ఆయన నన్ను కొట్టినా అంత భయం వేసేది కాదు.

"విడువు పాపా," అన్నాడు ఏళుమలై, నొచ్చుకోకుండానే. "నేను దిగని బావి లేదు ఈ పక్క."

నేను విడవలేదు. అత్త నా దగ్గరికొచ్చింది. నా ముఖంలోకి వంగి, జ్వరం వచ్చిన పసిబిడ్డను చూసినట్టు చూసింది. తాడు విడవని నా చేతులు చూసింది. తర్వాత మామ వైపు తిరిగింది.

"ఆడబిడ్డ మగోళ్ళ ముందర ఆ మాట నోరు తెరిచి, అదీ అబద్ధం చెప్పిందంటే, అది ఎంత జడుసుకుని ఉండాల? మీరు సుమ్మా ఊరుకోండి ఇద్దరూ." కొంగు దోపుకుంది. "ముందు నా కోడి దిగతాది. తర్వాత మనిషి."

జాతరకని అత్త మేపుతున్న నల్లకోడి తోటలోనే తిరుగుతూ ఉంది. దాన్ని పట్టుకుని మొగ్గలు కోసే బుట్టలో పెట్టింది. పైన వల కట్టి, తాడుతో కిందికి వదిలింది. కోడి లోపలికి దిగుతున్నంతసేపూ అరుస్తూనే ఉంది. బుట్ట రాతి అంచు మీద, కర్పూరం పళ్ళెం పక్కనే నిలిచింది. మొదటి కర్పూరం అయిపోయినా మంట పోకుండా, మామ ఇంకో పళ్ళెంలో బిళ్ళ వెలిగించి మరో తాడుతో దించాడు. అందరం గట్టు మీద బోర్లా పడుకుని చూశాం.

కోడి కాసేపు అరిచింది. తర్వాత అరుపు తగ్గింది. బుట్టలో అటూ ఇటూ రెండు సార్లు పడింది, కునికిపాట్లు పడుతున్నట్టు తల వాల్చింది. ఆ తర్వాత కదల్లేదు. పక్కన కర్పూరం మాత్రం అలాగే తెల్లగా, నిటారుగా వెలుగుతోంది.

అత్త బుట్ట పైకి లాగింది. కోడి మెడ వేలాడిపోయింది. ఒంటి మీద దెబ్బ లేదు, ఈక చెదరలేదు. మామ దాన్ని చేతుల్లోకి తీసుకుని, మళ్ళీ లోపలి మంటను చూసి, మళ్ళీ కోడిని చూశాడు. పంచె కొంగుతో ముఖం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నేను కళ్ళు దించుకున్నాను.

ఏళుమలై మాత్రం నిలబడిన చోటే మెల్లగా కూర్చున్నాడు. నడుము తాడు విప్పబోయాడు గాని ముడి చేతికి రాలేదు. అత్త వెళ్ళి విప్పింది.

"మా తమ్ముడు దిగినప్పుడు కూడా ఆరలేదు," అన్నాడు.

మాకు అర్థం కాలేదు. ఆయన బావి వైపే చూస్తూ మాట్లాడాడు.

"ఏకాంబరం. నా కంటే చిన్నోడు. వాని కొడుకు దేవా చేతిబిడ్డగా ఉన్నప్పుడు. ఊత్తుకోట పక్క ఒక బావిలో ఇంజను పెట్టినారు. అది ఆగిపోతే వాడు దిగినాడు. కర్పూరం నేనే దించినాను, నా చేత్తో. బాగా వెలిగింది. వాడు దిగి, ఇంజను మీద చెయ్యేసి, అట్లే నీళ్ళలోకి జారిపోయినాడు. ముందు రాత్రి తాగి ఉన్నాడు వాడు. తాగిన మత్తు దిగక పడినాడని అందరూ అన్నారు." ఆగాడు. "నేనూ అన్నాను. శవం ముందర కూచోని, తాగుబోతు నాయాలా, పెండ్లాం బిడ్డల్ని అన్యాయం చేసినావని తిట్టినాను. ఆ పొద్దు నుంచి వాని పేరు ఎత్తితే తాగి చచ్చినోడనే అంటారు. వాని పెండ్లాం కూడా అట్లే అంటాది."

చేతిలోని కోడిని మామ నేల మీద పెట్టాడు. అత్త ఏళుమలై పక్కన కూర్చుంది. ఆ బావి దగ్గర నేను లేను. రుజువు లేదు. అయినా అనకుండా ఉండలేకపోయాను.

"అది తాగుడు కాకపోవచ్చు, ఏళుమలై మామా."

"కాదు," అన్నాడు. "తెలస్తా ఉండాది గదా, కాదు."

ఇంజను కొన్నాళ్ళు బావిలోనే ఉండిపోయింది. తోట సగం మాడింది. మామ నాతో కొన్నాళ్ళు సరిగా మాట్లాడలేదు. కోపమో సిగ్గో నాకు తెలియలేదు. ఒకరోజు మాత్రం, నేను సైటు చూస్తుంటే పక్కన నిలబడి, "ఆ గనుల ఆయన పేరేంది?" అని అడిగాడు. చెప్పాను. "ఆయనకు నా దండం చెప్పు," అని వెళ్ళిపోయాడు. చెప్పాను. కోడి సంగతీ రాశాను. జగన్నాథన్ జవాబుగా ఒక్క వాక్యం రాశాడు, 'గాలి తేలిందో లేదో కోడితో మళ్ళీ చూసుకోండి.'

ఆ వారమే ఏళుమలై వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. "అమ్మా, పాప తిరువళ్ళూరు దాకా రావాల, పంపించు. పొన్నమ్మకు చెప్పాల. నేను చెప్తే నమ్మదు."

పొన్నమ్మ ఏకాంబరం భార్య. నాకు కాళ్ళు వెనక్కి లాగాయి. కోడి చచ్చిన బావికి నేను సాక్షిని. ఎన్నో ఏళ్ళ కిందటి బావికి కాను. తప్పయితే? ఆమె పుండు కెలికి, తర్వాత తప్పని తేలితే? "పోయి రా," అంది అత్త, నా జడకు మల్లెమొగ్గలు తురుముతూ. "నీకు తెలిసింది చెప్పు. తెలీంది చెప్పొద్దు."

ఎలక్ట్రిక్ ట్రైన్‌లో ఏళుమలై కిటికీ పక్కన కూర్చుని ఇస్త్రీ చొక్కా మడతలు సరిచేసుకుంటూ ఉన్నాడు. నేను మాత్రం ఏమని మొదలుపెట్టాలో, తెలుగులోనా తమిళంలోనా, లోపలే కూడబలుక్కుంటూ ఉన్నాను. ఒక్కటీ సరిగా రాలేదు.

పొన్నమ్మ స్టేషను వెనక వీధిలో ఇడ్లీలు అమ్ముతుంది. మధ్యాహ్నం కావడంతో గిన్నెలు తోముతోంది. బావగారిని చూసి లేచి, పీట వేసి, నన్ను చూసి ఎవరన్నట్టు కనుబొమ్మ ఎగరేసింది. నేను చెప్పాను. ఇంజను, పొగ, కర్పూరం, కోడి. ఊత్తుకోట బావి గురించి, 'నేను చూడలేదక్కా, కానీ అదీ ఇట్లే జరిగి ఉండాలని అనుకుంటా ఉండాను' అన్నాను. చెబుతున్నంతసేపూ ఆమె చేతిలో పీచు అలాగే ఉంది, బూడిద నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి.

"ఇప్పుడొచ్చి చెప్తా ఉండారా," అంది చివరికి, నాతో కాదు, ఏళుమలైతో. "శవం ముందర అందరి ఎదట తిట్టింది నువ్వు గదా బావా."

"నేనే." ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పీట మీద కూర్చోలేదు.

ఆమె చేతిలోని పీచు గిన్నెలో పడేసింది. తర్వాత నా వైపు తిరిగింది. "నొప్పి తెలిసుంటాదా ఆయనకు?"

"నిద్ర వచ్చినట్టు ఉంటుందంటారు అక్కా."

ఆమె తలాడించింది. చేతులు చీరకు తుడుచుకుంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. లోపలికి వెళ్ళి ఫోను తెచ్చి, ఏవో అంకెలు నొక్కి, మోగుతుండగా నా చెవి దగ్గర పెట్టింది.

"మా దేవా. పొన్నేరిలో లేత్ షెడ్డులో ఉండాడు. తాగుబోతు కొడుకనిపించుకునే పెరిగినాడు వాడు. వాళ్ళ నాయన ఫోటో కూడా ఇంట్లో పెట్టనియ్యడు. నువ్వే చెప్పు."

బావి గట్టు మీద కూడా అంత భయపడలేదేమో. అవతల మిషన్ల మోత. "అమ్మా, పనిలో ఉండాను, ఏంది?" అన్నాడు.

"నేను మీ అమ్మను కాదు. యువరాణి అని, మీ పెదనాయన ఏళుమలైకి తెలిసినదాన్ని. మీ నాయన గురించి ఒక మాట చెప్పాల."

"ఆయన ఊసు నాకొద్దక్కా. ఫోను పెట్టేస్తా ఉండా."

"ఆ పొద్దు ఆయన పడింది తాగి కాదు," అన్నాను. "బావిలో విషగాలి ఉన్నింది. ఎవురు దిగినా పడేవాళ్ళే."

మిషన్ల మోత మాత్రం వినిపించింది. పొన్నమ్మ నా మణికట్టు పట్టుకుని నా ముఖమే చూస్తోంది. కొంతసేపటికి ఆ మోత మెల్లగా దూరమైంది. అతను షెడ్డు బయటికి నడుస్తున్నట్టున్నాడు.

"మళ్ళా చెప్పక్కా," అన్నాడు.